దిగితే నిండే బండి

ఆ ఎలక్ట్రిక్ కారు డుంబ్రిగుడకి డీజిల్ లారీ మీద వచ్చింది. లారీ వెనక తలుపు తీసి, రెండు చెక్కలు వాల్చి, నలుగురు మనుషులు దాన్ని పసిపిల్లని దింపినట్టు దింపుతుంటే, ఆదినారాయణ కిరాణా కొట్టు పక్కనున్న టీ కొట్టు దగ్గర టీ తాగుతున్న సోంబరు గ్లాసు పక్కన పెట్టి మరీ చూశాడు.

"కారు బాగోనేదేటి బాబూ? లారీ మీద తెచ్చినారు?" అని అడిగాడు.

"బాగానే ఉందండీ. కొత్త కారు," అన్నాడు లారీలోంచి దిగిన కళ్ళజోడు మనిషి.

"బాగుంటే అదే వొచ్చును కదేటి?"

కళ్ళజోడు మనిషి చెక్కలు సర్దించే పనిలో పడ్డాడు. అతని పేరు ఫణీంద్ర. ముప్పై ఏళ్ళవాడు, విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజినీరు. మెడలో వేలాడుతున్న కార్డు మీద 'మంగరాజు మొబిలిటీ' అని ఉంది. కొండ రోడ్లు బాగా తెలిసిన డ్రైవరు ఒకడు కావాలన్నాడు. టీ కొట్టు దగ్గరున్న ఏడుగురూ ఒకేసారి సోంబరు వైపు వేలు చూపించారు.

చూపించరూ మరి! డుంబ్రిగుడ నుంచి తన ఊరు పనసలగుడకి పదకొండు కిలోమీటర్ల కొండ దారిలో ఇరవై రెండేళ్ళుగా జీపు తోలుతున్నవాడు సోంబరు. ఆ దారిలో ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఏ మలుపులో దేవుడికి దండం పెట్టాలో అతనికి నిద్రలో కూడా తెలుసు. కానీ తొమ్మిది రోజులుగా అతని జీపు గేర్‌బాక్సు విప్పుకుని అరకు మెకానిక్ షెడ్డులో పడుంది. అప్పట్నించీ సోంబరుకి ఏం చెయ్యాలో తోచక రోజూ ఈ టీ కొట్టుకి నడిచొచ్చి, వచ్చిన ప్రతి బండికీ వంకలు పెడుతున్నాడు.

"నువ్వు తోలవేటి?" అని అడిగాడు ఫణీంద్రని.

"తోలతానండీ. కానీ నాకు ఫ్లైఓవర్లే అలవాటు."

"అదెక్కడి కొండ?"

"కొండ కాదండీ. వంతెన."

సోంబరు అతని వంక జాలిగా చూసి కారెక్కాడు.

కారు పేరు 'జోరు'. దాని వెనకున్న కథ ఫణీంద్ర దారిలో చెప్పాడు. మంగరాజు గారు ముప్పై ఏళ్ళుగా పిండి రుబ్బే గ్రైండర్లు చేస్తున్నారు. హాయిగా ఉన్నారు. అయితే ఈ మధ్య ఎవరిని చూసినా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ పెట్టడమే. ఫ్యాన్లు చేసేవాళ్ళు పెట్టారు, నీళ్ళ ట్యాంకులు చేసేవాళ్ళు పెట్టారు. అదీ ఆయన ఓర్చుకున్నారు. కానీ సొంత బామ్మర్ది, ప్రెషర్ కుక్కర్లు చేసుకునే ప్రేమ్‌కుమార్, 'హుషారు' అని ఒక కారు తెస్తున్నాడని తెలిసేసరికి ఆయనకి రెండు రోజులు అన్నం సయించలేదు. "కుక్కరుకి చక్రాలుంటాయా? నా గ్రైండరు ముప్పై ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. తిరిగేదాని గురించి నాకు తెలుసా, వాడికి తెలుసా?" అని, మూడో రోజు కంపెనీ పెట్టేశారు. ఇప్పుడు జోరు కొండెక్కగలదని అందరికీ చూపించాలి. అందుకే ఫణీంద్ర వచ్చాడు.

సోంబరు ఇదంతా సగమే విన్నాడు. మిగతా సగం చెవి కారు మీదే ఉంది. తాళం లేదు. గేరు లేదు. క్లచ్చి లేదు. అతని ఎడమ కాలు పాపం, క్లచ్చి కోసం కింద అటూ ఇటూ తడుముకుంటూనే ఉంది.

"ఎడం కాలికి పనేటి నేదా?"

"లేదండీ."

"మరది తిమ్మిరెక్కిపోదేటి?"

బండి కదిలితే గుర్రు గుర్రుమని సన్నగా ఒక మోత. దారి పక్క ఇంటిముందు కూర్చున్న ఒకావిడ తలెత్తి, "ఎవులింట్లో పిండి రుబ్బుతన్నారు?" అని చుట్టూ చూసింది. మోటారులో గ్రైండరు పోలికలు ఇంకా పూర్తిగా పోలేదని ఫణీంద్ర చిన్నగా ఒప్పుకున్నాడు.

దానికి తోడు కారు మాట్లాడుతుంది. సోంబరు బెల్టు పెట్టుకోకపోయేసరికి, రేడియోలో వార్తలు చదివే గొంతు ఒకటి, "చోదక మహాశయా, తమరు ఆసన పట్టీ ధరించలేదు," అంది.

"ఏటంటన్నాది?"

"బెల్టు పెట్టుకోమంటోందండీ."

"అలాగని సెప్పొచ్చు కదా. తిడతన్నాదేమో అనుకున్నాను."

పనసలగుడ చేరేసరికి ఎదురుగా ఉన్న తెర మీద ముప్పై నాలుగు అంకె కనబడుతోంది. కింద బయల్దేరినప్పుడు అది నూరు. డెబ్బై మిగలాలని ఫణీంద్ర లెక్క. పోనీలే, రాత్రికి చార్జింగ్ పెట్టుకుందామని సోంబరు ఇంటి గోడకున్న ప్లగ్గులో తీగ గుచ్చాడు. సాయంత్రం ఏడు కావస్తోంది. ఊరంతా టీవీల ముందు ఉంది. సీరియల్లో అత్తగారు కోడలి చెంప మీద కొట్టడానికి చెయ్యెత్తింది. అంతే, టప్పుమని ఒక చప్పుడు, ఊళ్ళో ముప్పై ఆరు ఇళ్ళకీ కరెంటు పోయింది.

ముప్పై ఆరు ఇళ్ళవాళ్ళూ బయటికొచ్చారు. అందరికంటే ముందు సోంబరు భార్య రత్న వచ్చింది. ఆ తీగని కారు నుంచి గోడదాకా చూసి, గోడ నుంచి మళ్ళీ కారుదాకా చూసి, మొగుడి వంక చూసింది.

"ఏటి సేత్తన్నావు?"

"నేనేటి సేసినాను? ఆయన సేసినాడు."

"ఆవిడ కొట్టినాదా నేదా ఇప్పుడెలా తెలుస్తాది?" అని అడిగింది రత్న ఫణీంద్రని. అతను ఆ సీరియల్ చూడడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లైన్‌మన్ రావాలంటే ఎల్లుండి మాట. రాగి సంకటీ చిక్కుడుకాయ కూరా పెట్టి, రెండు గొంగళ్ళిచ్చి లోపల పడుకోమంది రత్న. కానీ అతను సిగ్గుతో, "పరవాలేదండీ, కార్లో హీటరుంది," అని కారులోనే పడుకున్నాడు.

డిసెంబరు చలి. ఆ హీటరు తెల్లవార్లూ పనిచేసింది. పొద్దున సోంబరు వచ్చి అద్దం తుడిచి చూసేసరికి తెర మీద ఆరు అంకె ఉంది.

"ముప్పై నాలుగు ఏటైపోయినాది?"

"వేడికే ఖర్చయిపోయిందండీ," అన్నాడు ఫణీంద్ర ఏడుపు గొంతుతో.

ఆ రోజు డుంబ్రిగుడ సంత. మామూలుగా అయితే సోంబరు జీపులో వెళ్ళే ఆడవాళ్ళంతా గంపలు, బస్తాలు పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డారు. అల్లం, రాజ్మా గింజలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన నాలుగు కోళ్ళు. ఈ వారం కూడా పదకొండు కిలోమీటర్లు ఇవన్నీ మోసుకుంటూ నడవాలి కాబోలనుకుంటూ ఉసూరుమన్నారు. రత్న మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఇది కిందికి దిగుతాదా?"

"దిగుతుంది కానీ చార్జి లేదండీ."

"దిగడానికి చార్జెందుకు? రాయి దొర్లదేటి?" అని తలుపు తీసి అల్లం బస్తా లోపలికి తోసింది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఫణీంద్ర ఆపలేకపోయాడు. ఇది నలుగురి కారండీ, నలుగురేనండీ అంటూ ఉండగానే వెనక ఏడుగురు ఎక్కారు. డిక్కీలో మూడు బస్తాలు పడ్డాయి. ముందు సీట్లో ఫణీంద్ర, అతని ఒళ్ళో ఇద్దరు పిల్లలు. అతనికీ సోంబరుకీ మధ్య ఖాళీలో ఒక పెద్ద గుమ్మడికాయ. కారు వెంటనే, "చోదక మహాశయా, మధ్య ఆసనంలోని ప్రయాణికులు పట్టీ ధరించలేదు," అంది. ఎంత చెప్పినా ఊరుకోకపోయేసరికి రత్న వెనక నుంచి చెయ్యి చాపి గుమ్మడికాయకి బెల్టు పెట్టింది. "ధన్యవాదాలు. శుభప్రయాణం," అంది కారు.

"పోన్లే, మర్యాదస్తురాలే," అంది రత్న.

సోంబరు కాలు బ్రేకు మీదే ఉంచి మెల్లగా వదిలాడు. రెండో మలుపు దాటగానే ఫణీంద్ర తెర వంక చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశాడు. ఏడు. మరో మలుపు. తొమ్మిది. వాగు దగ్గర పల్లంలోకి దిగేసరికి పన్నెండు.

"ఎక్కుతోంది! ఎక్కుతోందండీ!" అని అరిచాడు.

"దిగుతున్నాం బాబూ," అన్నాడు సోంబరు.

డుంబ్రిగుడ సంత చేరేసరికి పంతొమ్మిది. ఫణీంద్ర ఒళ్ళో పిల్లల్ని దింపి సోంబరు చేతులు పట్టుకున్నాడు. కిందికి దిగేటప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతాయి, అప్పుడు మోటారు కరెంటు తిని కూర్చోకుండా కరెంటు చేసి బ్యాటరీలో పోస్తుంది, అది వాళ్ళకి తెలిసిన సంగతే. కానీ ల్యాబులో ఎప్పుడూ ఇంత నిండలేదు.

"మీ ల్యాబులో ఎంతమంది ఎక్కినారు?"

"నేనొక్కణ్ణే."

"అదీ సంగతి. బండిని తోసేది బరువు. ఎంత బరువెక్కితే అంత తోస్తాది," అన్నాడు సోంబరు. ఇరవై రెండేళ్ళు నిండు జీపుని బ్రేకు మీద ఆపుకుంటూ ఆ కొండ దింపినవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ఆ బరువంతా బ్రేకుల్ని అరగదీసి, కాలు నొప్పులు పుట్టించి, ఊరికే పోయింది. ఇప్పుడది ఎక్కడో ఒకచోట దాచుకోవచ్చన్నమాట. అతనికి ఆ ఆలోచన విపరీతంగా నచ్చింది. సంత నుంచి ఉప్పూ, సబ్బులూ, ఎండు చేపలూ పట్టుకుని జనం తేలిగ్గా తిరిగొస్తారు కదా, పోయేటప్పుడు నింపుకుని వచ్చేటప్పుడు వాడుకోవచ్చు కదా అని అడిగాడు. పూర్తిగా సరిపోదండీ, సగం దారికి కూడా రాదు, మిగతాది ప్లగ్గులోంచి ఎక్కించాల్సిందే అని ఫణీంద్ర నిజాయితీగా చెప్పాడు. చెప్పి, ఆదినారాయణ కొట్టులో ఫ్రిజ్జు ప్లగ్గు పీకి కారుకి పెట్టి, మంగరాజు గారికి ఫోన్ చేశాడు.

ఈ లోగా అనకాపల్లిలో, మంగరాజు గారింట్లో, వేరే గొడవ జరిగింది. మంగరాజు గారి భార్య సుభద్రమ్మ గారి పుట్టినరోజు భోజనాల దగ్గర బావా బామ్మర్దులు ఇద్దరూ నా కారు గొప్పంటే నా కారు గొప్పని పులిహోర విస్తళ్ళ ముందే తగువు పడ్డారు. ఆఖరికి పందెం వేసుకున్నారు. వచ్చే సంత రోజున పనసలగుడ కొండ. రెండు కార్లూ నిండుగా చార్జి చేసుకుని ఎక్కి దిగాలి. కింద చేరేసరికి ఎవరి కారులో చార్జి ఎక్కువ మిగిలితే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాడు సుభద్రమ్మ గారి ముందు నిలబడి "నాకు కార్లు రావు" అని మూడుసార్లు అనాలి.

వారం తిరిగేసరికి డుంబ్రిగుడ సంత వీధిలో రెండు కార్లు నిలబడ్డాయి. జోరు తెలుపు, హుషారు ఎరుపు. మంగరాజు గారు నూట పాతిక కిలోల మనిషి. ఆయన ఎక్కగానే జోరు ఒక పక్కకి వంగి, "చోదక మహాశయా..." అని ఏదో చెప్పబోయి మానుకుంది. ప్రేమ్‌కుమార్ బక్కపలచగా, చురుగ్గా ఉంటాడు. బరువు తగ్గాలని కారులోంచి స్టెపినీ టైరు తీయించేశాడు, వెనక సీటు విప్పించి మళ్ళీ మర్యాద కోసం పెట్టించాడు, పొద్దున్నించీ తనూ ఏమీ తినలేదు. హారన్ నొక్కితే హుషారు కుక్కరులా విజిల్ వేస్తుంది. సంతలో ఎవరో ఆ విజిల్ విని, "మూడోది, దింపెయ్యండి," అని అరిచారు.

ఎక్కేటప్పుడు సోంబరు ఈసారి అలవాటైన చేత్తో పొదుపుగా తోలాడు, అయినా బరువు బరువే. పనసలగుడ చేరేసరికి హుషారులో నలభై నాలుగు మిగిలింది, జోరులో ముప్పై ఎనిమిది.

"బావా, మాట సాధన చేసుకో. నాకు కార్లు రావు, నాకు కార్లు రావు," అన్నాడు ప్రేమ్‌కుమార్ కొబ్బరి నీళ్ళు తాగుతూ.

మంగరాజు గారి మొహం వాడిపోయింది. "ఏటయ్యా సోంబరూ, ఇప్పుడెలా?" అన్నారు.

"మీరు కూకోండి బాబూ. అసలు సంగతి ఇప్పుడే మొదలైనాది," అన్నాడు సోంబరు.

కాఫీ గింజలు తూచే కాటా ఊరి మధ్యకి వచ్చేసింది. రత్న ఒక చిన్న కర్ర పట్టుకుని పక్కన నిలబడింది. అరవై కిలోలు దాటినవాళ్ళు కుడి పక్కకి, దాటనివాళ్ళు ఇంటికి. సన్నగా ఉన్నవాళ్ళు ఆ రోజు పడినంత అవమానం ఎప్పుడూ పడి ఉండరు. ఫల్గుణ తాత నలభై ఒక్క కిలోలు తూగాడు. నేను ఈ ఊరికి పెద్దని, నన్ను దింపేస్తారేటని గొడవ పెట్టుకుని, ఇంటికెళ్ళి రెండు చేతుల్లో రెండు గుమ్మడికాయలు పట్టుకుని వచ్చి మళ్ళీ కాటా ఎక్కాడు. అరవై మూడు. చేసేదేమీ లేక ఎక్కనిచ్చారు.

అల్లం కొనడానికి ఆదినారాయణ పొద్దున్నే ఎవరి మోటారు సైకిల్ మీదో ఆ ఊరికి వచ్చి ఉన్నాడు. అతను విజయనగరం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా డుంబ్రిగుడలో కొట్టు పెట్టుకున్న మనిషి. భారీ శరీరం. ఆ మోటారు సైకిల్ టైరు పైకి వచ్చేసరికే పంక్చరై ఉంది. సోంబరు, రత్న ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగి నవ్వారు.

"సావుకారు బాబూ, తవఁరు ఒకసారి కాటా ఎక్కాలి."

"నేనెందుకు ఎక్కాలి? నేను తూచేవాణ్ణి," అన్నాడు ఆదినారాయణ కోపంగా.

ఎక్కాడు. నూట పన్నెండు. జనం చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్ళలో ఆ ఊళ్ళో అతనికి చప్పట్లు కొట్టడం అదే మొదలు. అతని కోపం పోయి, మీసం సర్దుకున్నాడు. వెనక సీటు మధ్యలో అతన్ని గౌరవంగా కూర్చోబెట్టి, ఆ పక్కా ఈ పక్కా రత్ననీ మిగతావాళ్ళనీ కుక్కి, డిక్కీ నిండా బస్తాలు నింపారు. ముందు మంగరాజు గారు. ఫణీంద్ర ఎక్కడున్నాడో కనబడలేదు గానీ, "బ్రేకు ఎక్కువ తొక్కకండి, మోటారుకే వదలండి," అని ఏదో బస్తా వెనక నుంచి గొంతు వినిపిస్తోంది.

"పెళ్ళి బస్సా బావా?" అని పకపకా నవ్వి, ఒంటరిగా హుషారెక్కాడు ప్రేమ్‌కుమార్.

రెండు కార్లూ దిగడం మొదలెట్టాయి. జోరు అడుగు రోడ్డుని రాసుకుంటూ, గుర్రు గుర్రుమంటూ పోతోంది. సోంబరు బండిని మలుపు మలుపుకీ తీరిగ్గా వాల్చి, పరుగు తీయనివ్వకుండా పట్టి దింపుతున్నాడు. ముప్పై తొమ్మిది, నలభై ఒకటి. మంగరాజు గారు అంకె మారినప్పుడల్లా సోంబరు భుజం మీద చరుస్తున్నారు. "సరవకండి బాబూ, లోయలో పడతాం," అంటున్నాడు సోంబరు. సగం దారిలో ఒక ఆవుల మంద అడ్డొచ్చింది. రెండు కార్లూ ఆగాయి. ఆవులు కదలవు. ప్రేమ్‌కుమార్ దిగి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, సరదాగా జోరు కిటికీలోంచి లోపలికి చూశాడు.

తెర మీద నలభై అయిదు. తన కారులో నలభై ఆరు.

అతని నవ్వు పోయింది. కాసేపు ఆవుల వంక చూసి ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత వెనక కిటికీ దగ్గరికి వచ్చి, ఫల్గుణ తాత గుమ్మడికాయల మధ్య ఇరుక్కుని చెమటలు కక్కుతున్న ఆదినారాయణతో తియ్యగా, "ఏమండీ, పెద్దమనిషిని ఇలాగేనా కూర్చోబెట్టేది? మా కారులో రండి. ముందు సీటు, మెత్తటి సీటు, కాళ్ళు చాపుకోవచ్చు," అన్నాడు.

"ఎల్లకండి బాబూ!" అంది రత్న.

"చెమట్లు పోస్తున్నాయే," అన్నాడు ఆదినారాయణ. అతన్ని బయటికి తియ్యడానికి నలుగురు దిగాల్సి వచ్చింది. తీసి చూస్తే జోరు అడుగు రోడ్డు నుంచి నాలుగు వేళ్ళు పైకి లేచింది. హుషారు మూలిగి కిందికి కుంగింది. మంగరాజు గారు తల పట్టుకున్నారు.

"నూట పన్నెండు పోయింది! మొత్తం నూట పన్నెండు పోయింది!"

సోంబరుకి ఒళ్ళు మండింది. కానీ అతను ఆ దారిలో ఇరవై రెండేళ్ళ నుంచి జనాన్ని ఎక్కించుకుంటున్నవాడు. సంతకి నడిచిపోయేవాళ్ళు ఏ మలుపు దగ్గర బరువు దించుకుని కూర్చుంటారో అతనికి తెలియదూ! ఆవులు కదలగానే బయల్దేరి, తర్వాతి మలుపులో ఆగాడు. చింత చెట్టు కింద ముగ్గురు ఆడవాళ్ళు రాజ్మా మూటలతో కూర్చుని ఉన్నారు.

"బేగి ఎక్కండి. మూటలు ముందు."

ఆ తర్వాతి మలుపులో అల్లం కావిడితో ఒక మొగుడూ పెళ్ళాం. కింద కల్వర్టు దగ్గర ఒక మేకపోతు, దాని యజమాని. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసేవాళ్ళు లేరు. మేకపోతు మాత్రం మంగరాజు గారి ఒళ్ళో కూర్చుంది. ఆయన దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "చోదక మహాశయా, చోదక మహాశయా," అని కారు మొత్తుకుంటూనే ఉంది.

సంత వీధిలోకి రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి దిగాయి. జనం మూగారు. జోరులోంచి మనుషులు దిగుతున్నారు, దిగుతున్నారు, ఇంకా దిగుతున్నారు. ఆఖరికి ఫణీంద్ర పాక్కుంటూ బయటికొచ్చి, వేలితో తెర చూపించాడు. యాభై రెండు.

అందరూ హుషారు దగ్గరికి పరుగెత్తారు. దాని అద్దాలన్నీ ఆవిరితో మూసుకుపోయి ఉన్నాయి. తలుపు తియ్యగానే లోపల్నించి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి కొట్టింది. ముందు సీట్లో ఆదినారాయణ కాళ్ళు చాపుకుని గుర్రు పెడుతున్నాడు. పక్కన ప్రేమ్‌కుమార్ చొక్కా తడిసి ముద్దయిపోయి ఉంది. తెర మీద ముప్పై తొమ్మిది.

జరిగిందేమిటంటే, చెమటల్లోంచి ఒక్కసారిగా చలిగాల్లోకి వచ్చిన ఆదినారాయణకి వణుకు పుట్టింది. మైదానం మనిషి, ఇరవై ఏళ్ళయినా అతనికి ఈ చలి అలవాటు కాలేదు. ఎదురుగా ఉన్న మీటల్లో హీటరు మీద నిప్పు బొమ్మ ఉంది కదా, దాన్ని చివరిదాకా తిప్పాడు. సీటు కిందా వేడి వస్తుందని తెలిసి అదీ నొక్కాడు. ప్రేమ్‌కుమార్ ఆపబోతే, "మీరే కదా సుఖంగా కూర్చోమన్నారు?" అన్నాడు. దింపేద్దామంటే ఆ బరువు పోతుంది. ఉంచుదామంటే ఈ చార్జి పోతోంది. ఎటూ తేల్చుకోలేక ప్రేమ్‌కుమార్ అయిదు కిలోమీటర్లూ ఉడికిపోతూ వచ్చాడు.

"ఇది పందెం కాదు! జనాన్ని కుక్కావు, మేకని కూడా ఎక్కించావు!" అని అరిచాడు.

"నువ్వు నా షావుకారుని ఎత్తుకెళ్ళావు!" అని మంగరాజు గారు అంతకంటే గట్టిగా అరిచారు. ఆయన చొక్కా మీది మూడో బొత్తాం మేకపోతు తినేసింది. ఆ సంగతి ఆయనకింకా తెలియదు.

ఇద్దరూ కొట్టుకునేలా ఉంటే రత్న మధ్యలోకి వచ్చి, "ఆ సుభద్రమ్మగారికి ఫోన్ సెయ్యండి. ఆవిడే సెప్తాది," అంది. సంత మధ్యలో స్పీకరు పెట్టి ఫోన్ చేశారు. ఇద్దరూ ఒకేసారి తమ తమ వాదన వినిపించారు.

"అయిపోయిందా?" అంది సుభద్రమ్మ గారు. "ఏవండీ, ఇంట్లో మన గ్రైండరు తిరగడం మానేసి పది రోజులైంది. ఒరే ప్రేమూ, నువ్విచ్చిన కుక్కరు విజిల్ రాదు, ఊరికే చీదుతుంది. ఇడ్లీ తిని వారమైంది. మీ ఇద్దరూ కార్లు చేస్తే చెయ్యండి, మానితే మానండి, ముందు ఎవరైనా ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంటికి రండి."

ఫోన్ పెట్టేసింది. సంతంతా గొల్లుమంది. బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చెరో వైపు చూశారు. తర్వాత మంగరాజు గారే ముందు నవ్వారు. ఆయన నవ్వు చూసి ప్రేమ్‌కుమార్ "నాకు కార్లు రావు" అని ఒక్కసారి అన్నాడు. రెండోసారి ఇద్దరూ కలిసి అన్నారు. పొద్దున్నించీ తిండి లేని ప్రేమ్‌కుమార్‌కి రత్న సంత హోటల్లో ఆరు బజ్జీలు పెట్టించింది.

బజ్జీల దగ్గరే సోంబరు అసలు మాట చెప్పాడు. "ఒకటి సెప్తాను బాబూ, కోపగించుకోకండి. మాకు కారెందుకు? నలుగురు దర్జాగా కూకునే బండి ఈ కొండ మీద ఎవులికీ అక్కర్నేదు. వెనక ఓపెన్‌గా ఉండి, బస్తాలెయ్యడానికి, మనుషులు పట్టుకుని నిలబడ్డానికి వీలున్న బండి సెయ్యండి. బరువంతా మాకు పైనే ఉన్నాది. కాఫీ, అల్లం, అన్నీ కిందికి దిగీవే. అలాంటిది ఎవులూ సెయ్యనేదు."

మంగరాజు గారు బజ్జీ నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి విన్నారు. ఫణీంద్ర జేబులోంచి కాగితం తీసి అప్పటికే బొమ్మ గీస్తున్నాడు.

వానలు పడ్డాక ఆ బండి వచ్చింది. ఈసారి లారీ మీద కాదు, అనంతగిరి మీదుగా తన చక్రాల మీదే, రెండు చోట్ల ఆగి చార్జి ఎక్కించుకుంటూ వచ్చింది. కార్లు మానేసి, ఇద్దరూ కలిసి పెట్టిన కొత్త కంపెనీది. దానికి పేరు పెట్టమని సోంబరునే అడిగితే, ఏం పేరు పెట్టినా మావాళ్ళు 'దింపుడు బండి' అనే అంటారు, అదే రాయండి అన్నాడు. అందులో మాట్లాడే గొంతు రత్నది. ఫణీంద్ర పనిగట్టుకుని వచ్చి రికార్డు చేసుకెళ్ళాడు. "బెల్టెట్టు బాబూ, సచ్చిపోతావు," అంటుంది. ఎవరూ రెండోసారి చెప్పించుకోరు.

మొదట్లో బండి సోంబరే తోలాడు. కానీ క్లచ్చీ గేరూ లేని బండి నేర్చుకోవడం ఎంతసేపు? రెండు కాళ్ళ పని ఒక కాలుతో అయిపోతుంటే చూసి, రత్న వారం రోజుల్లో నేర్చేసుకుంది. ఏ బస్తా ఎక్కడ వెయ్యాలో, ఎవరు ఎంత బరువో ఆమెకే బాగా తెలుసు. ఇప్పుడు సంత రోజుల్లో బండి రత్నదే. సోంబరు పక్క సీట్లో కాళ్ళు కట్టిన కోళ్ళని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. మలుపు మలుపుకీ, హారన్ కొట్టు, పక్కకి తియ్యి, మెల్లగా అని చెప్పబోతాడు.

"నాకు తెలుసు. నువ్వు కోళ్ళు సూడు," అంటుంది రత్న, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.